చిరుతపులి ఒంటి నీడ పచ్చబడుతోంది: ఆక్రిలిక్‌లో ఈ రంగు కలిపేది ఎలా?

అలిపిరి_కుంచె

రెండు నెలలుగా ఒకే కాన్వాసు ముందు కూర్చుంటున్నాను. శేషాచలం కొండల్లోని ఎర్రటి బండ మీద, సాయంత్రపు ఎండలో పడుకున్న చిరుతపులి బొమ్మ అది. గీతల వరకు నాకు ఫిర్యాదు లేదు. తల, భుజం, మడిచిన ముందుకాలు అన్నీ కొలతకు కుదిరాయి. రంగు మొదలుపెట్టిన రోజు నుంచే కష్టాలు మొదలయ్యాయి. ఎండ పడిన వీపు కోసం మట్టిపసుపు రంగుండే యెల్లో ఓకర్‌లో టైటానియం వైట్ కలిపితే అది జంతువు ఒళ్లులా కాకుండా సున్నం కొట్టిన గోడలా కనిపిస్తోంది. పొట్ట పక్కన నీడ కోసం అదే ఓకర్‌లో చిటికెడు నలుపు కలిపితే ఆ భాగమంతా పచ్చగా తిరిగింది. మా అన్న కొడుకు చూసి, "అత్తా, పులికి పాచి పట్టిందా?" అని అడిగాడు.

ఇది చాలదన్నట్టు, రాత్రి వేసిన రంగు తెల్లవారి చూస్తే ఒక మెట్టు ముదురుగా ఉంటోంది. మళ్లీ అదే రంగు కలిపి సరిచేయబోతే ఆ చోటు అతుకు వేసినట్టు కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. నా దగ్గర ఉన్నది పన్నెండు ట్యూబుల పెట్టె. లోపం రంగుల్లో ఉందో, నా చేతిలో ఉందో తెలిసినవారు చెప్పగలరు.

చంద్రగిరి_కోటగోడ

పచ్చగా అంటే ఆకుపచ్చా, పసుపుపచ్చా? మనవైపు రెండింటినీ పచ్చ అనే అంటాం కాబట్టి, ముందు ఆ సంగతి తేలితే తప్ప వైద్యం చెప్పలేము.

అలిపిరి_కుంచె

ఆకుపచ్చే. పసుపుపచ్చ అయి ఉంటే సంతోషించి ఊరుకునేదాన్ని.

మదనపల్లె_డ్రాయింగ్_మాస్టారు

లోపం చేతిలో లేదమ్మా, నలుపు అంటే చీకటి అనుకోవడంలో ఉంది. ట్యూబులోని నలుపును కాస్త తెలుపులో కలిపి పరచి చూడండి. చాలా రకాల నలుపులు నీలం వైపు మొగ్గిన బూడిద రంగుగా బయటపడతాయి. పసుపు జాతి రంగులో అటువంటి నలుపు పడితే నీలం పడినట్టే లెక్క, ఇక ఆకుపచ్చ పుట్టక మానదు. మీ పులికి పట్టిన పాచి అదే.

ఓకర్‌ను ముదురు చేయాలంటే దాని ఎదురు రంగుతో చేయాలి. రంగుల చక్రంలో పసుపుకు ఎదురుగా ఉండేది ఊదా. అల్ట్రామెరైన్ బ్లూలో క్రిమ్సన్ కలిపి, వంకాయ తొక్క రంగు వచ్చేదాకా తెచ్చి, దాన్ని పాలెట్ మూలన విడిగా పెట్టుకోండి. తరువాత యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా (ఎర్రగోధుమ) దాదాపు సమానంగా తీసుకుని, అందులో సగం బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) వేసి, చివరగా ఆ ఊదాను కుంచె మొనతో కొద్దికొద్దిగా చేర్చుతూ పోండి. తొందరపడి అల్ట్రామెరైన్‌ను నేరుగా ఓకర్‌లో వేశారంటే మళ్లీ పాచి దగ్గరికే వస్తారు. క్రిమ్సన్ తోడు లేకుండా ఆ నీలాన్ని పసుపు దగ్గరికి రానివ్వకూడదు.

ఇక సున్నం సంగతి. టైటానియం వైట్ రంగును లేతగా చేస్తుంది కానీ వెలిగించదు, పైగా చల్లబరుస్తుంది. మజ్జిగ ఎక్కువైన పులుసులాగా రుచి చప్పబడుతుంది. తెలుపు కలిపిన ప్రతిసారీ పోయిన వేడిని తిరిగి ఇవ్వడానికి చుక్క నారింజనో, వెచ్చటి పసుపునో చేర్చండి. అన్నిటికంటే తెల్లటి రంగును వీపు మీద ఎండ సూటిగా తగిలే రెండు మూడు చోట్లకే దాచుకోండి. వీపంతా తెలుపు పూస్తే వెలుగు ఎక్కడినుంచి వస్తోందో చూసేవారికి తెలియదు.

బొమ్మల_బావ

మాస్టారి మాట కాదనడం లేదు గానీ, నలుపు ట్యూబును దొంగను చూసినట్టు చూడటం నాకు నచ్చదు. నేను అడవి బొమ్మల్లో ఆకుల కోసం లెమన్ యెల్లోలో కావాలనే నలుపు కలుపుతాను. ఆ అమ్మాయికి పొట్ట మీద వచ్చిన ఆ పాచి రంగే నాకు ఆకుల మీద అమృతం. ట్యూబులో దొరికే ఆకుపచ్చ ప్లాస్టిక్ దండలా మెరుస్తుంది, ఈ నలుపు పసుపుల ఆకుపచ్చ మాత్రం మన కొండల మీద ఎండకు వాడిన పొదల రంగుకు సరిగ్గా సరిపోతుంది. తప్పు నలుపుది కాదు, దానికి కేటాయించిన చోటుది.

మదనపల్లె_డ్రాయింగ్_మాస్టారు

ఆకుల విషయంలో బావగారితో ఏకీభవిస్తున్నాను. జంతువు ఒంటి మీద మాత్రం ఒప్పుకోను. నాకు నల్లటి మచ్చ కావలసినా బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరైన్ కలిపిన నలుపునే వాడతాను. అంబర్ ఎక్కువైతే వెచ్చటి నలుపు, నీలం ఎక్కువైతే చల్లటి నలుపు వస్తుంది, కాబట్టి ఒకే మచ్చలో ఎండవైపును ఒకరకంగా, నీడవైపును మరొకరకంగా నడిపించవచ్చు. ట్యూబు నలుపుకు ఆ వెసులుబాటు లేదు.

పుత్తూరు_పటం

ఎముక విరిగితే మా ఊరి కట్టు ఉంది కానీ, రంగు విరిగితే మా దగ్గర కూడా మందు లేదు. ఒక్క సలహా ఇవ్వగలను: పన్నెండు ట్యూబుల్లో ఆరింటిని బీరువాలో పెట్టి తాళం వేయండి. తెలుపు, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్, క్రిమ్సన్ ఉంటే చిరుతపులి పూర్తవుతుంది.

బొమ్మల_బావ

ఆ తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంటుంది కదా.

కాళహస్తి_కలం

మా ఇంట్లో కలంకారీ పని ఉంది, నేను ఆక్రిలిక్‌కు ఆలస్యంగా వచ్చినవాడిని. పై సలహాలన్నీ పాలెట్ మీద కలపడం గురించే ఉన్నాయి. మా పనిలో చాలా రంగులు గిన్నెలో కలవవు, గుడ్డ మీద కలుస్తాయి. ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చ ద్రవం అంటూ విడిగా ఉండదు; పసుపు వేసిన చోటే నీలిమందు రంగు పడితే కంటికి ఆకుపచ్చ అవుతుంది. నల్ల గీతకు ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన కసిమి వాడతాము. కలంతో గీసేటప్పుడు అది వెలిసిపోయినట్టు ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద కాసేపటికి నల్లబడుతుంది. తడిలో కనిపించేదానిని నమ్మకూడదని మాకు చిన్నప్పుడే తెలిసివస్తుంది.

ఆక్రిలిక్‌లో దీనికి సమానమైన పద్ధతి గ్లేజింగ్. పొట్ట నీడను ఒకేసారి సరైన రంగులో వేయాలని ప్రయత్నించకండి. ముందు వెలుగునీడలు మాత్రమే ఉండేలా బర్న్ట్ అంబర్, తెలుపులతో పులి మొత్తాన్ని పూర్తి చేయండి. అది బాగా ఆరాక, గ్లేజింగ్ మీడియంలో చుక్క రంగు కలిపి, టీ డికాషన్ అంత పలుచటి పొరగా పైన పరచండి. ఒక పొర ఓకర్, అది ఆరాక ఒక పొర సియెన్నా, నీడలో ఒక పొర ఊదా. ఆరిన ఆక్రిలిక్ మళ్లీ నీటికి కరగదు కాబట్టి కింది పొర చెదరదు. పొరలగుండా వెలుగు లోపలికి వెళ్లి తిరిగి వస్తుంది, అందుకే ఆ రంగుకు లోతు ఉంటుంది.

అలిపిరి_కుంచె

కాళహస్తి అన్నగారి మాట విని నిన్న రాత్రి గ్లేజ్ వేశాను. ఓకర్ పొర అద్భుతంగా వచ్చింది. ఆ ఉత్సాహంలో అది ఆరిందో లేదో చూసుకోకుండా పది నిమిషాలకే సియెన్నా పొర మొదలుపెట్టాను. కుంచెకు కింది పొర చర్మం ఊడినట్టు లేచి వచ్చింది. భుజం మీద రూపాయి బిళ్లంత చోట ఇప్పుడు కాన్వాసు కనిపిస్తోంది.

కాళహస్తి_కలం

వేలికి తడి తగలకపోతే చాలదమ్మా, వేలి వెనక భాగం ఆనించినప్పుడు చల్లగా కూడా ఉండకూడదు. చల్లగా ఉందంటే లోపల ఇంకా నీరు ఉందని అర్థం. ఊడిన చోట అంచులను ఆరాక సన్నటి ఎమెరీ కాగితంతో నెమ్మదిగా రుద్ది, మళ్లీ మొదటి పొర నుంచి రండి. కొట్టుకుపోయిందేమీ లేదు.

రేణిగుంట_ఎండ

మొదటి పోస్టులోని మూడో ఫిర్యాదును అందరూ మరిచిపోయారు: రాత్రి ఒక రంగు, పొద్దున ఒక రంగు. దీనికి కారణం రంగుపొడి కాదు, దాన్ని పట్టి ఉంచే జిగురు. ఆక్రిలిక్ జిగురు నీటిలో తేలే సన్నటి కణాల రూపంలో, పాలలా తెల్లగా ఉంటుంది. తడిగా ఉన్నంతసేపు ఆ తెలుపు మన రంగులో కలిసి లేతగా చూపిస్తుంది. నీరు ఆవిరయ్యాక కణాలు ఒకదానితో ఒకటి అతుక్కుని పారదర్శకమైన పొర అవుతాయి, అప్పుడు రంగు అసలు ముదురుతో బయటపడుతుంది. అంటే మీరు తడి రంగును ఆరిన రంగు పక్కన పెట్టి సరిపోల్చినంతకాలం ఎప్పటికీ సరిపోలదు. కలిపిన రంగును కాగితం ముక్క మీద గీసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, ఆ ముక్కను కాన్వాసు మీద ఆనించి చూసుకోండి. నేను పనికివచ్చిన ప్రతి ముక్క వెనక కలిపిన పాళ్లు రాసి, సబ్బు పెట్టెలో దాచుకుంటాను. మూడు సంవత్సరాల ముక్కలు ఉన్నాయి.

రెండో సంగతి మన ఎండ. మే నెలలో మా ఇంట్లో పాలెట్ మీద పిండిన రంగు కుంచె కడిగి వచ్చేలోగా తోలు కడుతుంది. రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కొన్నాను, కానీ చెప్పిన పాలు మించితే రంగు రోజుల తరబడి బంకగా ఉండిపోతుంది, దుమ్మంతా దానికి అంటుకుంటుంది. అంతకంటే తడి పాలెట్ మేలు. స్వీట్ల డబ్బా మూతలో తడిపిన నూలుగుడ్డ నాలుగు మడతలు వేసి, దానిమీద బట్టర్ పేపర్ పరచి, ఆ కాగితం మీద రంగులు కలపండి. కింది తడి కాగితం గుండా కొద్దికొద్దిగా ఎక్కుతుంది. రాత్రికి డబ్బాను బోర్లా మూసి ఉంచితే మరుసటి రోజు సాయంత్రం కూడా అదే రంగు చేతికి వస్తుంది, కాబట్టి మళ్లీ కలిపే అవసరమే సగం తగ్గుతుంది. వారానికి ఒకసారి గుడ్డ ఉతకండి, లేకపోతే అసలైన పాచి పడుతుంది.

చంద్రగిరి_కోటగోడ

ఫ్యాను ఆపేస్తే రంగు ఆరదని ఒకరు చెబితే నేను నిరుడు ఆపి చూశాను. రంగు ఆరలేదు, నేను ఆరిపోయాను.

జూపార్కు_నడక

నేను ఆదివారాలు తిరుపతి జంతు ప్రదర్శనశాలకు వెళ్లి స్కెచ్‌లు వేసుకుంటాను. ఈ పాచి గొడవకు మూలం కలపడంలో కంటే చూడటంలో ఉందని నా అనుమానం. అలిపిరి_కుంచె గారూ, మీరు ఏ ఫొటో చూసి వేస్తున్నారు? సెల్‌ఫోన్ ఫొటోలో ఎండ, నీడ రెండూ ఒకే చోట ఉంటే కెమెరా నీడను దాదాపు నల్లగా ముద్దచేస్తుంది. అది చూసి నీడ అంటే నలుపు అనుకుని మనం నలుపు ట్యూబు వైపు చేయి చాపుతాము. కంటితో చూసిన నీడ ఏనాడూ అలా ఉండదు.

చిరుతపులి ఎదురుగా కూర్చోదు కాబట్టి, రేపు సాయంత్రం నాలుగు గంటలకు మీ వీధిలో పడుకునే ఎర్రావును చూడండి. వీపు మీద ఎండ పసుపుగా ఉంటుంది. పక్కటెముకల దగ్గర, ఎండ తప్పుకునే చోట, రంగు అన్నిటికంటే చిక్కగా, బెల్లం రంగులో ఉంటుంది. పొట్ట అడుగుకు చూపు దించండి. అక్కడ అన్నిటికంటే చీకటిగా ఉండాలని మన బుర్ర చెబుతుంది, కానీ ఉండదు. నేల మీద పడిన ఎండ తిరిగి పైకి కొట్టి పొట్ట అడుగును వెలిగిస్తుంది. కింద తారురోడ్డు ఉంటే ఆ వెలుగు నీలం కలిసిన బూడిద రంగులో, ఇసుక ఉంటే పసుపులో, ఎర్రమట్టి ఉంటే ఎరుపులో ఉంటుంది. ఒకే ఆవు రోడ్డు దాటి మట్టిలోకి వెళ్లి నిలబడితే పొట్ట రంగు మారిపోతుంది. నేను ఇది కపిలతీర్థం దగ్గర ఒక గంట నిలబడి చూశాను. ఆవు యజమాని వచ్చి, కొనడానికి చూస్తున్నారా అని అడిగాడు.

మదనపల్లె_డ్రాయింగ్_మాస్టారు

ఇది నేను చెప్పవలసిన మాట, చెప్పడం మరిచాను. ఊదా కలపమన్న నా సూత్రం కంటే ఈ ఆవు గొప్పది.

పలమనేరు_మామిడితోట

పై మాటకు ఏనుగు సాక్ష్యం. కౌండిన్య అభయారణ్యం మా ఊరికి దగ్గర. తోటలోకి ఏనుగులు రెండుసార్లు వచ్చాయి, డ్రిప్పు పైపులు తొక్కి పోయాయి, ఆ నష్టం లెక్క ఇక్కడ వద్దు. రెండోసారి తెల్లవారుజామున మిద్దె మీద నుంచి వాటిని పావుగంట చూశాను. బడిలో నేర్పిన బూడిద రంగు ఏనుగు వాటిలో ఒక్కటీ లేదు. మట్టి చల్లుకుని, బురదలో దొర్లి, ఒళ్లంతా మా చేని రంగులోనే ఉన్నాయి. చెవి వెనక, కాళ్ల సందుల్లో, మట్టి అంటని చోట మాత్రమే అసలు ఒళ్లు కనిపించింది, అదీ ముదురు నేరేడు బూడిద.

తరువాత బొమ్మ వేసేటప్పుడు అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా, తెలుపులతో ఒళ్లంతా బూడిద రంగు వేసి, ఆరాక దానిమీద సియెన్నాను పొడికుంచెతో రుద్దాను. కుంచెలో తడి దాదాపు లేకుండా గుడ్డకు తుడిచి పైపైన లాగితే రంగు మిట్టల మీద మాత్రమే పట్టుకుని ముడతల్లోకి దిగదు, నిజంగా మట్టి అంటినట్టే వస్తుంది. చెవుల అంచుల్లో, తొండం మొదట్లో వయసు మీరిన ఏనుగులకు రంగు పోయి గులాబీ చుక్కలు ఉంటాయి. అవి పెట్టిన క్షణంలో బొమ్మకు ప్రాణం వచ్చింది. తొండం కొసకు ఒక్క వేలే పెట్టండి. రెండు వేళ్లుండేది ఆఫ్రికా ఏనుగుకు.

బొమ్మల_బావ

జాతి పొరపాట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి నా పరువు నేనే తీసుకుంటాను. తెలుగులో చిరుత అంటే చిరుతపులి, చీతా రెండింటికీ చెల్లిపోతుంది. ఇంటర్నెట్‌లో చిరుత అని వెతికి, దొరికిన ఫొటో చూసి, తలకోన జలపాతం దగ్గర నిలబెట్టి ఒక పెద్ద బొమ్మ వేశాను. కళ్ల నుంచి మూతి దాకా నల్లటి కన్నీటి గీతలు ఎంతో శ్రద్ధగా దిద్దాను. ఒక స్నేహితుడు వచ్చి, చీతాను తలకోనకు ఎవరు తెచ్చారని అడిగాడు. అలిపిరి_కుంచె గారు మచ్చలు వేయకముందే ఒకసారి సరిచూసుకోవాలి: చీతా మచ్చలు నిండు చుక్కలు, చిరుతపులి ఒంటి మీదివి విరిగిన వలయాలు.

మదనపల్లె_డ్రాయింగ్_మాస్టారు

బావగారూ, మరీ అంత సిగ్గుపడకండి. ఆఖరి రోజుల్లో చీతా మన జిల్లాలో కనిపించిందని 1952లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో నమోదైంది. అప్పటికి చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. దేశంలో చీతా అంతరించిందని ప్రకటించినదీ ఆ సంవత్సరమే. మీ బొమ్మ కింద 1952 అని తేదీ వేసుకుంటే ఎవరూ ఏమీ అనలేరు.

బొమ్మల_బావ

వేశాను. ఇప్పుడది చారిత్రక చిత్రం.

అలిపిరి_కుంచె

నాది చిరుతపులే, కన్నీళ్లు లేవు. ఆవును చూశాను. రెండు సాయంత్రాలు చూశాను. ఎర్రబండ మీద పడుకున్న పులి పొట్ట ఎర్రగా ఉండాలన్న సంగతి నాకు రెండు నెలలుగా తట్టలేదు. నీడలో మాస్టారు చెప్పిన మిశ్రమం వేసి, పొట్ట అడుగున బండ రంగునే కాస్త పలుచన చేసి ఒక గ్లేజ్ వేశాను. పులి మొదటిసారి బండ మీద పడుకుంది, ఇంతకుముందు బండకు జానెడు పైన తేలుతున్నట్టు ఉండేది. ఇప్పుడు మచ్చల దగ్గర ఆగాను. వలయాలు వేస్తుంటే ఒంటి మీద కాకుండా దుప్పటి మీద వేసిన ముద్రల్లా కనిపిస్తున్నాయి.

జూపార్కు_నడక

అన్నిటినీ ఒకే పరిమాణంలో, ఒకే ముదురులో వేసి ఉంటారు. వీపు మనకు ఎదురుగా ఉన్నచోట వలయం గుండ్రంగా ఉంటుంది. ఒళ్లు వంపు తిరిగి అవతలికి పోయేచోట అదే వలయం నొక్కుకుపోయి సన్నబడుతుంది. తల, మెడ, కాళ్ల మీద వలయాలు ఉండవు, నిండు చుక్కలే. వలయం లోపలి రంగు బయటి ఒంటి రంగు కంటే కొంచెం చిక్కగా ఉంటుంది, ఇది చాలామంది గమనించరు. వలయం మధ్యలో నల్లచుక్క పెట్టకండి, అది జాగ్వార్ లక్షణం.

మదనపల్లె_డ్రాయింగ్_మాస్టారు

మచ్చకు అంచు గీయకూడదు. మచ్చ అంటే నల్లటి వెంట్రుకల గుంపు. వెంట్రుకలు ఎటు వాలితే అటే, రంగులో నీళ్లు కలిపి సిరాలా చేసి, సన్నకుంచెతో చిన్నచిన్న గీతలుగా కూర్చండి. చివర్లు ఒంటి రంగులోకి చొచ్చుకుపోతాయి. తరువాత ఒంటి రంగు గీతలు కొన్ని మచ్చ మీదికి వెనక్కి లాగండి. ఎండ పడిన వీపు మీద మచ్చలు నల్లగా ఉండవు, గోధుమ కలిసిన బూడిదగా ఉంటాయి. వాటిని నల్లగా వేస్తే ఎండ చచ్చిపోతుంది.

పుత్తూరు_పటం

వెంట్రుకల కోసం కొత్త కుంచె కొనవద్దు. వెంట్రుకలు విరిగి చీలిపోయిన పాత చదును కుంచెను పారేయకండి, ఒక్క లాగుకు ఆరేడు సన్నగీతలు పడతాయి. నేను కావాలని ఒకదాన్ని బ్లేడుతో చీల్చుకున్నాను.

నాయుడుపేట_పిట్టలు

జంతువులకు అలవాటైన ఈ సూత్రాలు పక్షుల దగ్గర ఒకచోట తిరగబడతాయి, ఆ అనుభవం చెబుతాను. పాలపిట్ట నీలానికి నేను చాలా ట్యూబులు తగలేశాను. ఎంత ముదురు నీలం వేసినా కరెంటు తీగ మీద నుంచి ఎగిరినప్పటి ఆ మెరుపు రాలేదు. తరువాత తెలిసిందేమిటంటే, ఆ ఈకలో నీలం రంగుపదార్థమే లేదు. ఈక లోపల గాలి నిండిన అతిసన్నటి అల్లిక వెలుగులోని నీలాన్ని వెనక్కి కొట్టడం వల్లే మనకు నీలం కనిపిస్తుంది. ఆ ఈకను నూరితే మిగిలేది గోధుమ పొడి. ట్యూబులోని రంగుపొడితో ఆ పని చేయించడం సాధ్యం కాదు.

కాబట్టి నీలాన్ని వదిలేసి దాని చుట్టుపక్కల మీద పని చేశాను. లేత పట్టీకి థాలో బ్లూలో తెలుపు, చుక్క పసుపు; ముదురు పట్టీకి అల్ట్రామెరైన్‌లో పిసరంత క్రిమ్సన్. వెనక ఉన్న ఆకాశాన్ని కూడా నీలంగా వేసేవాడిని, ఆ నీలం తుడిచేసి, ఎండిన వరిమళ్ల మట్టిగోధుమ వేశాను. పిట్ట రంగు మారలేదు, చుట్టూ రంగు మారేసరికి పిట్ట వెలిగింది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని 1839లోనే షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు రాశాడు. ఆయన పారిస్‌లో గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధికారి. నలుపు దారం చాలినంత నల్లగా లేదని ఫిర్యాదు వస్తే, దారంలో లోపం లేదని, పక్కన నేసిన రంగులే దాన్ని చంపుతున్నాయని తేల్చాడు.

కాళహస్తి_కలం

నీలం దగ్గర నాకూ అనుభవమే. అయితే నేలపట్టు పక్షుల కేంద్రంలోని గూడబాతుల సంగతి కూడా చెప్పండి, తెల్లపక్షికి ఏం చేస్తారు?

నాయుడుపేట_పిట్టలు

తెలుపును ఆఖరున తప్ప ముట్టుకోను. అక్కడి గూడబాతు అసలే పూర్తి తెలుపు కాదు, బూడిద కలిసిన పక్షి. ఎండలో ఉన్న వైపు తెలుపులో చుక్క ఓకర్, ఆకాశం వైపు తిరిగిన నీడకు తెలుపులో అల్ట్రామెరైన్, పిసరంత సియెన్నా. నీటి మీదికి వంగిన ఛాతీ అడుగుకు నీటి రంగే. పైన మీరంతా చెప్పుకున్న ఆవు పొట్టే ఇక్కడా.

చంద్రగిరి_కోటగోడ

అయితే ఏనుగుకు మట్టి, పులికి బండ, గూడబాతుకు నీరు. జంతువు రంగు ట్యూబు ఒక్కటి కూడా కొనకుండా అడవి అంతా పూర్తయింది.

అలిపిరి_కుంచె

మచ్చలు పూర్తయ్యాయి. భుజం మీద ఊడిన చోటే ఇప్పుడు అన్నిటికంటే బాగా వచ్చింది, ఎందుకంటే దాన్ని మాత్రమే మొదటి పొర నుంచి సక్రమంగా వేశాను. ఇక మిగిలింది మీసాలు. తెల్లగా, సన్నగా, ఒక్క లాగులో రావాలి. కాగితం మీద వేస్తే వస్తున్నాయి, కాన్వాసు దగ్గరికి వచ్చేసరికి చేయి వణుకుతోంది.

మదనపల్లె_డ్రాయింగ్_మాస్టారు

పొడవాటి వెంట్రుకల సన్నకుంచె తీసుకోండి, రంగు పాలంత పలుచగా ఉండాలి. మూతి మీద, మీసం పుట్టే నల్లచుక్క దగ్గర ఆనించి, మణికట్టు కదపకుండా మోచేతితో బయటికి విసరండి. పోయేకొద్దీ కుంచె తనంతట తానే పైకి లేవాలి. కింద పొర పూర్తిగా ఆరి ఉంటుంది కాబట్టి, గీత తప్పితే వెంటనే తడిగుడ్డతో తుడిచేయవచ్చు. ఇంత ధైర్యం ఇచ్చే రంగు ఇంకొకటి లేదు. బండ ముందు పడే మీసాలే తెల్లగా కనిపిస్తాయి, ఎండపడిన చెంప ముందు పడేవాటిని సగం వదిలేయండి.

అలిపిరి_కుంచె

ఎడమవైపు తొమ్మిది వేశాను, నాలుగు తుడిచాను. కుడివైపు ఆరు ఒక్కసారికే వచ్చాయి. మా అన్న కొడుకు మళ్లీ చూశాడు. పాచి మాట ఎత్తలేదు కానీ, బండ మీద కూడా ఎక్కడో కొంచెం పచ్చగా ఉందన్నాడు.

బొమ్మల_బావ

దాన్ని తుడవకండి. బండకు పాచి ఉంటుంది.

అలిపిరి_కుంచె

ఉంచేశాను. అది మొదటి రోజు కలిపిన ఓకర్, నలుపు మిశ్రమమే.